ఒకే ఆల్బమ్, ఎన్నో ప్రెస్సింగులు: ‘మాస్టర్ ఆఫ్ రియాలిటీ’ని సేకరించడం ఎలా

ప్రెస్సింగులు, అంటే ఒకే ఆల్బమ్ వేర్వేరు చోట్ల, వేర్వేరు కాలాల్లో అచ్చయిన రికార్డులు, సేకరించాలని ఉంటే ముందు ఒక్క ఆల్బమ్‌ని ఎంచుకోండి. బ్యాండ్ మొత్తాన్ని మీదేసుకుంటే డబ్బు కరిగిపోతుంది, అల్మారా నిండిపోతుంది, తెలిసేది మాత్రం కొంచెమే. ఒకే ఆల్బమ్‌ని పట్టుకుని కూర్చుంటే ఏడాది తిరిగేసరికి ఆ రికార్డు గురించి అమ్మేవాళ్లకన్నా మీకే ఎక్కువ తెలుస్తుంది. ఉదాహరణగా నేను బ్రిటన్ హెవీ మెటల్ బ్యాండ్ బ్లాక్ సాబత్ మూడో ఆల్బమ్ ‘మాస్టర్ ఆఫ్ రియాలిటీ’ని తీసుకుంటున్నాను. మీ మనసు వేరే ఆల్బమ్ మీద ఉన్నా పద్ధతి ఇదే.

ఈ ఆల్బమ్‌నే ఎంచుకోవడానికి కారణం ఉంది. గిటారిస్టు టోనీ అయోమీకి కుర్రతనంలో ఫ్యాక్టరీలో జరిగిన ప్రమాదంలో కుడిచేతి రెండు వేళ్ల కొసలు తెగిపోయాయి. ఆయనది ఎడమచేతి వాటం కాబట్టి తీగలు నొక్కాల్సింది ఆ చేత్తోనే. తీగలు వదులు చేస్తే నొక్కడం తేలిక. 1971లో వచ్చిన ఈ రికార్డులో ‘చిల్డ్రన్ ఆఫ్ ది గ్రేవ్’, ‘లార్డ్ ఆఫ్ దిస్ వరల్డ్’, ‘ఇన్‌టు ది వాయిడ్’ పాటలకు గిటారునీ బేస్‌నీ మామూలు శ్రుతి కన్నా మూడు అర్ధస్వరాలు కిందికి దించారు. అంత మంద్ర ధ్వనిని ప్లాస్టిక్ గాడిలో ఇమడ్చడం కష్టమైన పని. దాన్ని ఒక్కో ఇంజనీరు ఒక్కోలా చేస్తాడు. అందుకే ఈ ఆల్బమ్‌లో ఒక ప్రెస్సింగుకీ ఇంకోదానికీ ఉన్న తేడా చెవికి స్పష్టంగా తెలుస్తుంది. తేడా వినపడని ఆల్బమ్‌ని ఇన్నిసార్లు కొనడంలో నాకు అర్థం కనిపించదు.

ముందు హద్దు గీసుకోండి

ఒక కాగితం మీద మూడు నాలుగు వాక్యాల్లో రాసుకోండి: ఏ ఏ దేశాల రికార్డులు కావాలి, ఏ సంవత్సరం దాకా, ఎల్‌పీలు మాత్రమేనా, క్యాసెట్లూ సీడీలూ కూడానా. ‘దొరికినవన్నీ’ అని రాసుకున్నవాళ్లు ఎక్కువకాలం నిలవరు. ఈ ఆల్బమ్ ఎన్నో దేశాల్లో అచ్చయింది, ఇప్పటికీ అచ్చవుతూనే ఉంది.

నా సలహా ఒకటే. లేబుళ్లను కాదు, కటింగులను సేకరించండి. ఈ మాట అర్థం కావాలంటే రికార్డు పుట్టుక కొంచెం తెలియాలి.

స్టూడియో టేపు నుంచి వచ్చే ధ్వనిని కటింగ్ ఇంజనీరు లాకర్ పూత పూసిన అల్యూమినియం పళ్లెం మీద గాడిగా చెక్కుతాడు. దీన్ని లాకర్ అంటారు. దాని మీద లోహపు పూత పెట్టి తీస్తే ఫాదర్ వస్తుంది. ఫాదర్ నుంచి మదర్, మదర్ నుంచి స్టాంపర్. ఆ స్టాంపర్లను ప్రెస్‌లో బిగించి వేడి పీవీసీ ముద్దను మధ్యలో పెట్టి నొక్కితే మన చేతికొచ్చే రికార్డు తయారవుతుంది. స్టాంపరు కొన్ని వందల నుంచి ఒకటి రెండు వేల రికార్డుల దాకా అరుగుదల లేకుండా పనిచేస్తుంది. తర్వాత కొత్త స్టాంపర్, అది చాలకపోతే కొత్త మదర్. మళ్లీ లాకర్ చెక్కితే అది కొత్త కటింగ్. గాడి లోతు, బేస్ మోతాదు, శబ్దం గట్టిదనం అన్నీ మారేది అక్కడే.

కాబట్టి ఒకే లాకర్ సంతతిలో పుట్టిన రెండు రికార్డులకు లేబుల్ రంగు వేరైనా వినడానికి దాదాపు ఒకటే. అట్ట, లేబుల్ అచ్చు గుద్దినట్టు ఒకేలా ఉన్న రెండు రికార్డులు మాత్రం వేర్వేరు కటింగులు అయ్యుండొచ్చు. మొదటి జత కోసం తాపత్రయపడి రెండోదాన్ని వదిలేసేవాళ్లే ఎక్కువ.

డెడ్ వాక్స్ చదవడం నేర్చుకోండి

చివరి పాట అయ్యాక లేబుల్‌కీ గాళ్లకీ మధ్య నున్నగా కనిపించే వలయాన్ని డెడ్ వాక్స్ అంటారు, రన్‌అవుట్ అని కూడా. రికార్డు అసలు చిరునామా అక్కడే ఉంటుంది. అట్టలు మారుతాయి, లోపలి కవర్లు మారుతాయి, ఒక రికార్డుని ఇంకోదాని అట్టలో పెట్టి అమ్మేస్తారు. డెడ్ వాక్స్‌లో చెక్కిన రాతను మాత్రం ఎవరూ మార్చలేరు.

చదవడానికి గదిలో దీపం తగ్గించి, ఫోన్ టార్చి వెలుగుని రికార్డుకి దాదాపు సమాంతరంగా పక్కనుంచి వేయండి. పైనుంచి వేస్తే వెలుగు తిరిగి కొట్టి ఏమీ కనపడదు. రికార్డుని నెమ్మదిగా తిప్పుతూ కనిపించిన ప్రతి గీతనూ రాసుకోండి. చేత్తో చెక్కినదా, యంత్రంతో ముద్ర వేసినదా అన్నది కూడా పక్కనే రాయండి. కొట్టేసిన అంకెలుంటే వాటినీ వదలొద్దు. కంపెనీ చేతులు మారినప్పుడు పాత లోహపు అచ్చులనే వాడుకుని, పాత నంబరు కొట్టేసి పక్కన కొత్తది చెక్కిన సందర్భాలు రికార్డుల చరిత్రలో చాలా ఉన్నాయి. అలాంటిది దొరికితే, లేబుల్ కొత్తదైనా కటింగ్ పాతదే అన్నమాట.

బ్రిటన్‌లో ఫిలిప్స్ సంస్థ అచ్చువేసిన రికార్డుల్లో మ్యాట్రిక్స్ నంబరుకి, అంటే డెడ్ వాక్స్‌లో ఉండే గుర్తింపు సంఖ్యకి, ఒక తీరు ఉంది. ముందు క్యాటలాగ్ నంబరు, తర్వాత మొదటి వైపుకి 1వై, రెండో వైపుకి 2వై, ఆపైన రెండు ఏటవాలు గీతలు, వాటి తర్వాత ఒక అంకె. ఆ చివరి అంకె కటింగ్‌ని చెబుతుంది. 1 ఉంటే మొదటిది. అది రెండు వైపులా ఒకేలా ఉండాలని లేదు. ఒక వైపు మొదటి కటింగ్, ఇంకోవైపు రెండో కటింగ్ ఉన్న రికార్డులు మామూలే. రెండు వైపులూ విడివిడిగా చదవండి.

కటింగ్ ఇంజనీర్లు కొందరు తమ గుర్తు కూడా చెక్కుతారు. జార్జ్ పెకమ్ చెక్కిన రికార్డుల్లో ‘పోర్కీ’ అనీ, బాబ్ లడ్విగ్ చెక్కినవాటిలో ‘ఆర్ఎల్’ అనీ కనిపిస్తుంది. మీ రికార్డులో ఇలాంటి పొడి అక్షరాలుంటే అవెవరివో వెతకండి. ఒకే మనిషి చెక్కిన వేర్వేరు ఆల్బమ్‌లు వింటే ఆయన పనితీరు చెవికి పడుతుంది.

ఇంకో చిన్న కొలత చెబుతాను. దీన్ని పెద్దగా ఎవరూ పట్టించుకోరు, కానీ చాలా పనికొస్తుంది. స్కేలు తాకించకుండా పైన పట్టుకుని డెడ్ వాక్స్ వెడల్పు కొలవండి. రెండు రికార్డుల్లో అది స్పష్టంగా వేరుగా ఉంటే అవి కచ్చితంగా వేర్వేరు కటింగులు, నంబర్లు ఏం చెప్పినా సరే. ఆల్బమ్ మొత్తం 34 నిమిషాల చిల్లర, అంటే ఒక్కో వైపు 17 నిమిషాలు. ఇంజనీరుకి చోటు ధారాళంగా ఉంది. ఆ చోటుని ఒకరు గాళ్లు వెడల్పు చేసి శబ్దం పెంచడానికి వాడుకుంటారు, ఇంకొకరు గాళ్లను వెలుపలి వైపే ముగించి చివరి పాటను కాపాడటానికి వాడుకుంటారు.

బ్రిటన్ రికార్డు: స్విర్ల్ లేబుల్

ఈ సేకరణకు మూలవిరాట్టు బ్రిటన్ తొలి విడుదల, వెర్టిగో లేబుల్ మీద, క్యాటలాగ్ నంబరు 6360 050. వెర్టిగోని ఫిలిప్స్ 1969లో మొదలుపెట్టింది. లేబుల్ మీద నలుపు తెలుపు వలయాల స్విర్ల్ బొమ్మ ఉంటుంది. రికార్డు తిరుగుతుంటే కళ్లు లోపలికి లాక్కుపోతాయి. మొదటి వైపు మొత్తం ఆ బొమ్మే, పాటల పేర్లేవీ ఉండవు. రెండు వైపుల పాటలూ రెండో వైపు లేబుల్ మీదే రాసి ఉంటాయి.

అట్ట సంగతి ఇంకా ముఖ్యం. తొలి అట్ట మూత మడతపెట్టే పెద్ద కవరులా ఉంటుంది. నల్లటి అట్ట మీద బ్యాండ్ పేరు ఊదా రంగులో ఉంటుంది. ఆల్బమ్ పేరు నలుపు మీద నలుపుగా, ఉబ్బెత్తు అక్షరాల్లో ఉంటుంది. వెలుగు ఏటవాలుగా పడితే గానీ చదవలేం. లోపల బ్యాండ్ ఫొటోతో పోస్టరు. తర్వాతి ముద్రణల్లో ఉబ్బెత్తు పోయి ఆల్బమ్ పేరు బూడిద రంగులో అచ్చయింది. ఫొటోల్లో అట్ట చూసినప్పుడు మొదట వెతకాల్సింది ఇదే. బూడిద రంగు అక్షరాలు కనిపిస్తే అది తొలి అట్ట కాదు.

ఆ ఉబ్బెత్తు అక్షరాలు యాభై ఏళ్లపాటు ఒత్తిడికి గురయ్యాయి, చాలా అట్టల మీద చదునైపోయాయి. మూత మడత దగ్గర కాగితం తెల్లబడుతుంది, చిరుగుతుంది. పోస్టరు గోడకెక్కి ఉంటే మూలల్లో పిన్ను రంధ్రాలుంటాయి. పోస్టరు లేని రికార్డు తక్కువకి దొరికితే తీసుకోండి, పోస్టరు విడిగా తర్వాత వెతుక్కోవచ్చు. మూత చిరిగిన అట్టకి మాత్రం మందు లేదు.

1973 తర్వాత ఇవే రికార్డులు బ్రిటన్‌లో డబ్ల్యూడబ్ల్యూఏ లేబుల్ మీదకి వెళ్లాయి, నంబరు 008. 1976లో నెమ్స్ లేబుల్ మీద ఎన్‌ఈఎల్ 6004గా మళ్లీ వచ్చాయి. ఇవి స్విర్ల్ కన్నా చాలా సులువుగా దొరుకుతాయి. వీటిని తక్కువ చేసి చూడొద్దు. డెడ్ వాక్స్ చదివాకే తీర్పు చెప్పండి.

అమెరికా రికార్డు: తప్పు పడిన పేరు

అమెరికాలో విడుదల చేసింది వార్నర్ బ్రదర్స్, నంబరు బీఎస్ 2562. తొలి రికార్డుల లేబుల్ మీద ఆల్బమ్ పేరు ‘మాస్టర్స్ ఆఫ్ రియాలిటీ’ అని బహువచనంలో అచ్చయింది. అట్ట మీద మాత్రం సరిగ్గానే ఉంది. పైగా పాటల లోపలి భాగాలకి విడి పేర్లు తగిలించారు: ‘ఆఫ్టర్ ఫరెవర్’తో ‘ది ఎలిజీ’, ‘చిల్డ్రన్ ఆఫ్ ది గ్రేవ్’తో ‘ది హాంటింగ్’, ‘లార్డ్ ఆఫ్ దిస్ వరల్డ్’తో ‘స్టెప్ అప్’, ‘ఇన్‌టు ది వాయిడ్’తో ‘డెత్‌మాస్క్’. వాటికోసం కొత్త సంగీతమేమీ లేదు. ఆల్బమ్‌లో ఉన్న ఎనిమిది ట్రాకులనే ఎక్కువగా కనిపించేలా రాశారంతే. బ్యాండ్ తొలి రెండు ఆల్బమ్‌ల అమెరికా ముద్రణల్లోనూ ఇలాంటి అదనపు పేర్లు ఉన్నాయి.

అమెరికా రికార్డుల కాలాన్ని లేబుల్ రంగే చెబుతుంది. తొలినాళ్లవి ఆకుపచ్చ లేబుళ్లు. 1973 నుంచి తాటిచెట్ల వీధి బొమ్మ ఉన్న ‘బర్‌బ్యాంక్’ లేబుల్. 1978 ప్రాంతం నుంచి లేత రంగు సాదా లేబుల్. అందుకే ఆకుపచ్చ లేబుల్, ‘మాస్టర్స్’ అన్న తప్పు, అదనపు పేర్లు మూడూ కలిసిన రికార్డుతో మొదలుపెట్టి, తర్వాత తప్పు దిద్దిన ఆకుపచ్చ లేబుల్, ఆపైన బర్‌బ్యాంక్ తీసుకోండి. ఈ మూడూ పక్కపక్కన పెడితే 1970ల అమెరికా ముద్రణ కథ చాలావరకు మీ చేతిలో ఉన్నట్టే.

మిగతా దేశాల గురించి క్లుప్తంగా చెబుతాను. జర్మనీ వెర్టిగో ముద్రణ బ్రిటన్ నంబరుతోనే వచ్చింది, పీవీసీ శుభ్రంగా ఉంటుంది. జపాన్ రికార్డులకి అట్ట చుట్టూ వచ్చే ఓబీ పట్టీ ఉందో లేదో చూడండి, విలువలో పెద్ద భాగం దానిదే. సీడీల్లోకి వెళ్తే 2009 డీలక్స్ ఎడిషన్ ఒకటి చాలు. దాని రెండో డిస్కులో ‘వీవిల్ ఉమన్ ’71’ అనే, అప్పట్లో బయటికి రాని పాట ఉంది.

కొనే ముందు

రికార్డుల వివరాలుండే డిస్కాగ్స్ వెబ్‌సైట్‌లో ఆల్బమ్ మాస్టర్ పేజీ (అన్ని విడుదలలనూ ఒకచోట చూపే పేజీ) తెరిచి, దేశం, సంవత్సరం వడపోసి, మీక్కావాల్సిన ప్రతి విడుదల పేజీలో మ్యాట్రిక్స్ వివరాలు చూసుకోండి. అవి వాడుకరులు రాసినవే కాబట్టి తప్పులుంటాయి. ఒకే పేజీ కింద రెండు మూడు కటింగులు కలిపేసి ఉంటాయి కూడా. అమ్మేవాళ్లు పెట్టిన ఫొటో చాలాసార్లు వాళ్ల రికార్డుది కాదు, ఆ పేజీలో ఉన్నదే. అందుకని డబ్బు పంపే ముందు నాలుగు ఫొటోలు అడగండి: రెండు లేబుళ్లు, రెండు వైపుల డెడ్ వాక్స్. ఇవ్వడానికి నసిగేవాళ్ల దగ్గర కొనొద్దు.

గ్రేడింగులో, అంటే రికార్డు ఎంత బాగుందో చెప్పడంలో, గోల్డ్‌మైన్ పత్రిక పద్ధతి వాడుకలో ఉంది: మింట్, నియర్ మింట్, వెరీ గుడ్ ప్లస్, వెరీ గుడ్, గుడ్, ఆ కిందవి. పేరులో ‘గుడ్’ ఉన్నా గుడ్ అంటే బాగా అరిగిన రికార్డే. రికార్డుకీ అట్టకీ విడివిడిగా గ్రేడు ఉండాలి. ‘చూసి చెప్పినదా, విని చెప్పినదా?’ అని తప్పకుండా అడగండి. హెవీ మెటల్ రికార్డుల్లో ఈ ప్రశ్నకి విలువ ఎక్కువ. బరువైన ముల్లున్న పాత ప్లేయర్ల మీద, పార్టీల్లో, గట్టిగా మోగినవి ఇవి. గీత ఒక్కటీ కనపడదు, గాడి గోడలు మాత్రం అరిగిపోయి ఉంటాయి. వింటే గిటారు చుట్టూ బొంగురు చప్పుడు. ఆ అరుగుదల కంటికి చిక్కదు.

స్విర్ల్ లేబుల్ రికార్డులకి నకిలీలున్నాయి. భూతద్దంతో లేబుల్ చూడండి. అసలు ముద్రణలో చిన్న అక్షరాల అంచులు పదునుగా ఉంటాయి, ఇంకో లేబుల్‌ని ఫొటో తీసి అచ్చువేసినదాంట్లో అవి అలుక్కుపోతాయి. నలుపు తెలుపు వలయాల హద్దులు బూడిదగా కనిపించినా అనుమానించాల్సిందే. అట్ట మీద బార్‌కోడ్ ఉంటే ఆలోచించక్కర్లేదు, 1971లో బార్‌కోడ్ లేదు. విక్రేత చెప్పే కథ కన్నా డెడ్ వాక్స్‌లోని మ్యాట్రిక్స్ తీరునే నమ్మండి.

పార్శిల్ ఎలా కట్టాలో మీరే చెప్పండి. రికార్డుని అట్టలోంచి తీసి, లోపలి కవరుతో అట్ట వెనక పెట్టమనండి. లోపలే ఉంచి పంపితే దారిలో కుదుపులకి రికార్డు అంచు అట్ట కుట్టుని చీలుస్తుంది. మూత ఉన్న తొలి అట్టకి ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ.

చేతికి వచ్చాక: కడగండి, వినండి, పోల్చండి

కొత్తగా వచ్చిన ప్రతి పాత రికార్డునీ వినేముందే కడగండి. దుమ్ముతో మోగిస్తే ముల్లు ఆ దుమ్ముని గాడిలోకి రుద్దుతుంది. డిస్టిల్డ్ నీళ్లు, రికార్డుల కోసమే తయారైన ద్రవం కొన్ని చుక్కలు, మెత్తటి బ్రష్ ఉంటే చాలు. గాడి వెంబడే తుడవండి, అడ్డంగా వద్దు. లేబుల్ తడవనివ్వకండి. స్విర్ల్ లేబుల్ మీద నీటి మరక పడితే ఇక పోదు.

వినడంలో ఈ ఆల్బమ్ మంచి పరీక్ష పెడుతుంది. మొదటి వైపు ‘స్వీట్ లీఫ్’ మొదట్లో అయోమీ దగ్గు మళ్లీ మళ్లీ మోగుతుంది. అది రికార్డు వెలుపలి అంచు. వంకరలూ అంచు గీతలూ ఉంటే అక్కడే బయటపడతాయి. తర్వాత రెండో వైపుకి వెళ్లి ‘ఆర్కిడ్’, ‘సాలిట్యూడ్’ వినండి. రెండూ నెమ్మదైనవి. గాడిలో చిటపట ఎంత ఉందో గట్టి పాటల్లో దాగుతుంది, వీటిలో దాగదు.

అన్నిటికన్నా ముఖ్యమైనవి రెండు వైపుల చివరి పాటలు. రికార్డు తిరిగే వేగం ఒకటే అయినా, ముల్లు కింద గాడి కదిలే వేగం వెలుపల సెకనుకి 50 సెంటీమీటర్లు, లోపలికి వచ్చేసరికి అందులో సగం కన్నా తక్కువకి పడిపోతుంది. తక్కువ పొడవులో అంతే సంగీతం ఇమడాలి కాబట్టి వక్రీకరణ పెరుగుతుంది. ఈ ఆల్బమ్‌లో శ్రుతి దించిన మూడు పాటల్లో రెండు, ‘చిల్డ్రన్ ఆఫ్ ది గ్రేవ్’, ‘ఇన్‌టు ది వాయిడ్’, సరిగ్గా ఆ లోపలి గాళ్ల మీదే ఉన్నాయి. మంచి కటింగ్ ఏదో, అరగని రికార్డు ఏదో తేల్చేది ఈ రెండే. ‘ఇన్‌టు ది వాయిడ్’లో గీజర్ బట్లర్ బేస్, అయోమీ గిటారు నుంచి విడిగా వినిపిస్తుంటే, డ్రమ్మర్ బిల్ వార్డ్ సింబల్ తాళం ఇసక రాలినట్టు కాకుండా లోహంలా మోగుతుంటే, ఆ రికార్డుని వదలకండి.

రెండు ప్రెస్సింగులు పోల్చేటప్పుడు శబ్దం స్థాయి సమానంగా ఉండేలా చూడండి. గట్టిగా మోగేది ఎప్పుడూ మెరుగ్గానే అనిపిస్తుంది, అది చెవి స్వభావం. వీలుంటే ఒకే ముల్లుతో, ఒకే అమరికతో రెండు రికార్డుల్లోనూ అదే నిమిషాన్ని కంప్యూటర్లోకి రికార్డు చేసి, స్థాయి సరిచేసి, ఏది ఏదో తెలియకుండా ఇంకొకరిచేత మోగించుకుని వినండి. కొత్త 180 గ్రాముల రికార్డు బరువుని చూసి మోసపోవద్దు. బరువు వల్ల వంకర తగ్గొచ్చు, కటింగ్ మాత్రం మారదు.

దాచడం, రాసుకోవడం

నిలువుగా పెట్టండి, ఒకదాని మీద ఒకటి పేర్చొద్దు. పేర్చితే ఉబ్బెత్తు అక్షరాలు ముందు పోతాయి. పాత కాగితపు లోపలి కవరుని అట్టలోనే భద్రంగా ఉంచి, రికార్డుకి పాలిథిన్ పూత ఉన్న కొత్త కవరు వాడండి. పీవీసీ కవర్లు వద్దు, వాటిలోంచి వచ్చే రసాయనం ఏళ్ల తరబడి రికార్డుకి తగిలి మసకపొర వదులుతుంది.

ఒక పట్టిక పెట్టుకోండి: దేశం, లేబుల్, నంబరు, రెండు వైపుల డెడ్ వాక్స్ రాత అక్షరం పొల్లుపోకుండా, డెడ్ వాక్స్ వెడల్పు, అట్ట రకం, పోస్టరు ఉందా, చివరి పాటలు ఎలా మోగాయి. పక్కన డెడ్ వాక్స్ ఫొటోలు. పదో రికార్డు దగ్గరికి వచ్చేసరికి ఒకే కటింగ్ రెండుసార్లు కొన్నట్టు ఈ పట్టికలోనే కనిపిస్తుంది. ఆ రెంటిలో మెరుగ్గా మోగేది ఉంచుకుని రెండోది అమ్మేయండి, లేదా మీ దగ్గర లేని కటింగ్ ఉన్నవాళ్లతో మార్చుకోండి. అమ్మేటప్పుడు ఆ డెడ్ వాక్స్ రాతా, ఫొటోలూ జతచేయండి, కొనేవాళ్లు అడగకముందే.